జడ్జిగారికి కళ్లెం: కోర్టుల చరిత్రలో వింతలు విశేషాలు

మర్యాద రామన్న ఈ రోజుల్లో సెషన్స్ జడ్జిగా ఉంటే ఆయన తీర్పుల్లో చాలావాటిని హైకోర్టు కొట్టేస్తుంది. దొంగ ఎవరో తేల్చడానికి ఆయనే వల పన్నుతాడు, ఆయనే కూపీ లాగుతాడు, ఆయనే సాక్షుల్ని నిలదీస్తాడు, చివరికి ఆయనే తీర్పు చెబుతాడు. పోలీసు, ప్రాసిక్యూటరు, జడ్జి అన్నీ ఒక్క మనిషే. కథగా వింటే ముచ్చటగానే ఉంటుంది. రామన్నకున్న బుర్ర లేనివాడి చేతికి అదే అధికారం వస్తే ఏమవుతుందన్నదే అసలు గొడవ. క్రిమినల్ ప్రొసీజర్ చరిత్రంతా ఇంచుమించు జడ్జిగారి చేతిలోంచి ఒక్కో పనినీ లాగేసుకుంటూ వచ్చిన కథే. ఆ దారిలో తగిలే వింతలు ఇన్నీ అన్నీ కావు.

కొడవలి మీద వాలిన ఈగలు

రామన్నలాంటి వాళ్లు మనకొక్కరికే సొంతం కాదు. చైనాకు పదకొండో శతాబ్దపు బావో జెంగ్ ఉన్నాడు. జపాన్‌కు పద్దెనిమిదో శతాబ్దంలో ఎడో నగర మేజిస్ట్రేటుగా చేసిన ఓఓకా తదసుకే ఉన్నాడు. ఇద్దరూ నిజంగా బతికిన మనుషులే. వాళ్ల మీద పుట్టిన కథలు మాత్రం వాళ్లు విచారించిన కేసుల కంటే ఎక్కువ.

వీటికంటే కాస్త గట్టి ఆధారం ఉన్న కథ ఒకటి సోంగ్ త్సి అనే చైనా అధికారి 1247లో పూర్తిచేసిన శవపరీక్షల పుస్తకంలో ఉంది. ఒక మనిషిని దారిలో నరికి చంపారు. ఒంటి మీద ఉన్నవన్నీ కొడవలి గాట్లు. విచారణకు వచ్చిన అధికారి చుట్టుపక్కల వాళ్ల కొడవళ్లన్నీ తెప్పించి వరసగా నేల మీద పెట్టించాడు. ఎండాకాలం. అన్నీ శుభ్రంగానే కనిపిస్తున్నాయి గానీ ఒక్కదాని మీదే ఈగలు ముసిరాయి. కడిగినా పోని నెత్తుటి వాసన మనిషి ముక్కుకు అందకపోయినా ఈగలకు అందింది. కొడవలి సొంతదారు అక్కడికక్కడే నేరం ఒప్పుకున్నాడు.

ఆ ఒప్పుకోవడం దగ్గరే ఉంది చిక్కు. పాత చైనాలో ముద్దాయి తన నోటితో నేరం ఒప్పుకుంటేనే మామూలుగా శిక్ష. ఒప్పుకోకపోతే కొట్టించి ఒప్పించడానికి చట్టమే కొన్ని హద్దుల్లో వీలు కల్పించింది. శవాన్ని పరీక్షించేదీ, కొట్టించేదీ, తీర్పు రాసేదీ అదే అధికారి. ఈగలు వాలని కేసుల్లో ఏం జరిగి ఉంటుందో మీరే ఊహించుకోండి.

తోలు పరిచిన ఆసనం

జడ్జికి ఇంత అధికారం ఇచ్చిన పాతకాలం వాళ్లు, ఆయన తప్పుచేస్తే ఏం చేయాలో కూడా ఆలోచించారు. కొంచెం గట్టిగానే ఆలోచించారు. సుమారు 3,750 ఏళ్లనాటి హమ్మురాబి శాసనంలో అయిదో నిబంధన జడ్జీల గురించే. తీర్పు రాసి ముద్ర వేశాక దాన్ని మార్చిన న్యాయాధికారి ఆ దావా సొమ్ముకు 12 రెట్లు కట్టాలి. నలుగురి ముందూ ఆసనం దిగిపోవాలి, మళ్లీ ఎక్కకూడదు.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా చిన్న తప్పుల్ని కూడా వదల్లేదు. వాది ప్రతివాదుల్ని బెదిరించినా, కసిరినా, బయటికి పంపినా, అన్యాయంగా నోరు మూయించినా న్యాయాధికారికి జరిమానా. బూతులు తిడితే రెట్టింపు. ఈ నియమం ఇప్పటికీ అమల్లో ఉండి ఉంటే ఖజానాకు ఏటా ఎంతో కొంత జమ పడేదని వకీళ్లలో ఎవర్నడిగినా చెబుతారు.

ఈజిప్టు సంగతి వేరు. క్రీస్తుపూర్వం 1155 ప్రాంతంలో మూడో రామెసిస్ చక్రవర్తిని అంతఃపురంలోనే చంపడానికి కుట్ర జరిగింది. విచారణకు 12 మందిని నియమించారు. వాళ్లలో కొందరు నిందితులైన అంతఃపుర స్త్రీలతో కలిసి తాగి తందనాలాడారు. సంగతి బయటపడింది. విచారించాల్సిన వాళ్లే బోనెక్కారు, ముక్కూ చెవులూ కోయించుకున్నారు. ఒకాయన ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడు. ఇదంతా ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్న పపైరస్ చుట్టలో రాసి ఉంది.

అందరికంటే ఘోరం పర్షియాది. లంచం తిని తప్పుడు తీర్పిచ్చిన సిసామ్నెస్ అనే జడ్జిని కాంబిసెస్ రాజు చర్మం ఒలిపించి చంపించాడని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఆ తోలును పట్టీలుగా కోయించి న్యాయాసనం మీద పరిపించాడట. ఆ ఆసనం మీద కూర్చోబెట్టింది ఎవర్నో కాదు, సిసామ్నెస్ కొడుకునే. కూర్చున్నది దేనిమీదో గుర్తుంచుకుని తీర్పు చెప్పమన్నాడు. బెల్జియంలోని బ్రూజ్ నగరం 1498లో ఈ దృశ్యాన్ని గెరార్డ్ డేవిడ్ చేత బొమ్మ వేయించి, తమ న్యాయాధికారులు కూర్చునే గదిలోనే పెట్టించుకుంది.

శవం మీద కేసు, పంది మీద కేసు

క్రీ.శ. 897 జనవరిలో రోమ్‌లో జరిగిన విచారణలో ముద్దాయి ఫార్మోసస్ అనే పోపు. చిక్కేమిటంటే ఆయన చనిపోయి అప్పటికి నెలలు గడిచాయి. తర్వాత వచ్చిన ఆరో స్టీఫెన్ పోపు ఆ శవాన్ని సమాధిలోంచి తీయించి, పోపు దుస్తులు తొడిగించి, కుర్చీలో కూర్చోబెట్టించాడు. పద్ధతికి లోటు రాలేదు. అభియోగాలు చదివి వినిపించారు, ముద్దాయి తరఫున జవాబు చెప్పడానికి ఒక చిన్న మతాధికారిని పక్కన నిలబెట్టారు. ఫిర్యాదీ, జడ్జీ ఒకరే కావడంతో తీర్పు ఎలా వచ్చిందో చెప్పక్కర్లేదు. ఆశీర్వదించే మూడు వేళ్లూ నరికి, చివరికి శవాన్ని టైబర్ నదిలో పారేశారు. అదే ఏడాది రోమ్ జనం తిరగబడ్డారు. స్టీఫెన్ జైలుపాలయ్యాడు, అక్కడే ఎవరో గొంతు నులిమి చంపేశారు.

1457లో బర్గండీలోని సావిన్యీ అనే ఊళ్లో అయిదేళ్ల పిల్లవాణ్ని చంపిందని ఒక ఆడపందినీ, దాని ఆరు పిల్లల్నీ కోర్టులో నిలబెట్టారు. తల్లికి ఉరి పడింది. పిల్లలకు నెత్తురు అంటుకుని ఉన్నా అవి నేరంలో పాలుపంచుకున్నాయనడానికి సాక్ష్యం చాలదన్నాడు జడ్జి. మనుషులకు ఈ మాత్రం న్యాయం దొరకని కాలమది.

దేవుడికి వదిలేసిన కేసులు

సాక్ష్యం తేలనప్పుడు జడ్జి ఏం చేయాలి? చాలా దేశాలు చాలాకాలం పాటు ఆ బాధ్యతను దేవుడి మీద వేసి చేతులు దులుపుకున్నాయి. యాజ్ఞవల్క్య స్మృతి అయిదు దివ్య పరీక్షల్ని చెబుతుంది: త్రాసు, అగ్ని, నీళ్లు, విషం, కోశం. ఇవి పుస్తకాల్లోనే ఆగిపోలేదు. 1783లో కాశీలో ఒక దొంగతనం కేసులో నిందితుడు కాల్చిన ఇనప గుండును చేతుల్లో పట్టుకుని నడిచాడు. చేతులు కాలలేదు, విడుదలయ్యాడు. దగ్గరుండి చూసినవాడు అప్పటి కాశీ చీఫ్ మేజిస్ట్రేటు అలీ ఇబ్రహీంఖాన్. ఆయన రాసిన నివేదికను కలకత్తా ఆసియాటిక్ సొసైటీ తన మొదటి సంపుటంలోనే అచ్చువేసింది.

కాలిన ఇనుము పట్టుకుంటే చేతులు కాలకుండా ఎలా ఉంటాయి? దీనికి జవాబు దొరికే లెక్క ఒకటుంది. ఇప్పటి రుమేనియాలోని ఒరాడియా (అప్పటి వారాద్) చర్చిలో 1208 నుంచి 1235 దాకా జరిగిన ఇనప పరీక్షల రిజిస్టరు మిగిలింది. ఫలితం తేలిన కేసుల్లో నూటికి 60 మందికి పైగా నిర్దోషులుగా బయటపడ్డారు. కట్టు విప్పి కాలిందో లేదో చూసి చెప్పేది చర్చి పూజారి. ఇనుమును ఎంత వేడిచేయాలో, పుండును ఏ కంటితో చూడాలో ఆయన ఇష్టం. దేవుడి పేరు చెప్పి ఆయనే తీర్పు రాస్తూ వచ్చాడని కొందరు చరిత్రకారులు అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది.

1215లో రోమ్‌లో సమావేశమైన నాలుగో లాటెరన్ సభ, పూజారులు ఈ పరీక్షల జోలికి పోకూడదని తీర్మానించింది. ఐరోపా కోర్టులు ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. అక్కడే దారి రెండుగా చీలింది. ఫ్రాన్స్, ఇటలీ వైపు విచారణ బాధ్యత జడ్జి మీదే పడింది. ఆయన సాక్ష్యం వెతకాలి, ఒప్పుకోలు రాబట్టాలి, దానికోసం చిత్రహింసలూ పెట్టవచ్చు. ఇంగ్లండు మాత్రం ఊరివాళ్లు 12 మందిని కూర్చోబెట్టి తేల్చమంది. మన కోర్టులకూ, ఫ్రెంచి కోర్టులకూ ఇప్పటికీ ఉన్న తేడాకు బీజం ఆ ఏడాదే పడింది.

ఇంగ్లండు పద్ధతిలోనూ ఒక మెలిక ఉంది. తనను జ్యూరీ విచారించడానికి ముద్దాయి ఒప్పుకోవాలి. నోరు విప్పకపోతే? పడుకోబెట్టి గుండెల మీద బరువులు పేర్చేవారు, ఒప్పుకునేదాకా లేదా చచ్చేదాకా. అమెరికాలోని సేలంలో మంత్రగత్తెల కేసులు నడిచిన 1692లో ఎనభై దాటిన జైల్స్ కోరీ అనే రైతు ఇలాగే రాళ్ల కింద నలిగి చనిపోయాడు, నోరు మాత్రం విప్పలేదు. ఇంగ్లండు 1772లో ఈ పద్ధతి మానుకుంది. అయితే మౌనంగా ఉంటే నేరం ఒప్పుకున్నట్టే అంది. మౌనానికి అర్థం నేరం కాదనడమేనని మార్చడానికి మరో 55 ఏళ్లు పట్టింది.

ద్వంద్వయుద్ధంతో కేసు తేల్చుకునే పద్ధతి ఇంకా ఆలస్యంగా పోయింది. 1817లో మేరీ ఆష్‌ఫర్డ్ అనే యువతి హత్య కేసులో అబ్రహం థార్న్‌టన్‌ను జ్యూరీ విడుదల చేసింది. మృతురాలి సోదరుడు ఒక పాత చట్టం వెతికి మళ్లీ కేసు వేశాడు. థార్న్‌టన్ వకీళ్లు అంతకంటే పాత చట్టం వెతికారు. లండన్‌లో కింగ్స్ బెంచి ముందు థార్న్‌టన్ చేతి తొడుగు నేలకేసి కొట్టి, తనతో యుద్ధానికి రమ్మన్నాడు. జడ్జీలు పుస్తకాలు తిరగేశారు. ఆ హక్కును ఎవరూ రద్దు చేయలేదని 1818లో నోరు నొక్కుకుని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ కుర్రాడు యుద్ధానికి రాలేదు, థార్న్‌టన్ బయటపడ్డాడు. మరుసటి ఏడాదే పార్లమెంటు ఆ చట్టాన్ని ఎత్తేసింది.

ఆకలితో తీర్పు, ఆవేశంతో తీర్పు

జ్యూరీకి తీర్పు అప్పగించారు గానీ జడ్జి మనసు ఒప్పలేదు. 1670లో విలియం పెన్, విలియం మీడ్ అనే ఇద్దరు క్వేకర్లు లండన్ వీధిలో మత ప్రసంగం చేశారని కేసు పెట్టారు. జ్యూరీ శిక్ష వేయనంది. జడ్జీలు వాళ్లను రెండు రాత్రులు తిండి, నీళ్లు, చలిమంట, పొగాకు లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా మాట మారలేదు. జరిమానా వేస్తే కట్టకుండా జైలుకెళ్లారు. వాళ్లలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన పైకోర్టుకు పోతే, తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించే అధికారం ఏ జడ్జికీ లేదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తేల్చాడు. ఆ పన్నెండు మంది ధైర్యానికి గుర్తుగా ఓల్డ్ బెయిలీ కోర్టు గోడ మీద ఇప్పటికీ ఒక ఫలకం ఉంది.

మన దేశంలో కథ తిరగబడింది. 1959లో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన కేసులో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. పత్రికలు ఊదరగొట్టాయి, జనం నీరాజనాలు పట్టారు. సెషన్స్ జడ్జి రతిలాల్ మెహతా ఆ తీర్పుకు తలొగ్గకుండా కేసును హైకోర్టుకు పంపాడు. అక్కడ యావజ్జీవం పడింది. 1961 నవంబరు 24న దాన్ని ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు తీర్పు రాసినవారు మన రాజమండ్రి మనిషి, తర్వాత దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. ఈ కేసుతోనే జ్యూరీ రద్దయిందని అందరూ అంటారు గానీ అది సగం నిజమే. జ్యూరీ వద్దని లా కమిషన్ 1958లోనే, అంటే తుపాకీ పేలకముందే చెప్పింది. పూర్తిగా పోయింది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో.

స్కాట్లాండులో 15 మంది జ్యూరీ. దోషి, నిర్దోషి కాక ‘రుజువు కాలేదు’ అనే మూడో తీర్పు కూడా చెప్పేవారు. 2025లో అక్కడి పార్లమెంటు దాన్ని ఎత్తేస్తూ చట్టం చేసింది.

ఎక్కువ ప్రశ్నలడిగిన జడ్జీలు

1775 జూన్. కలకత్తాలో కొత్తగా వచ్చిన సుప్రీంకోర్టు. మహారాజా నందకుమార్ మీద ఫోర్జరీ కేసు. చీఫ్ జస్టిస్ ఎలైజా ఇంపే, మరో ముగ్గురు ఇంగ్లీషు జడ్జీలు ఆ ఉడుకులో విగ్గులు, బరువైన అంగీలు తీయకుండా వరసగా ఎనిమిది రోజులు కూర్చున్నారు. రోజుకు మూడు నాలుగు సార్లు చొక్కాలు మార్చుకునేవారని చెబుతారు. కేసులో అసలు మచ్చ మాత్రం చొక్కాలది కాదు. ప్రాసిక్యూషన్ వకీలు చేతగానివాడైతే, డిఫెన్స్ సాక్షుల్ని జడ్జీలే క్రాస్ ఎగ్జామిన్ చేశారు. ఆగస్టు 5న నందకుమార్‌ను ఉరితీశారు. ఇంగ్లండులో ఫోర్జరీకి ఉరి ఉంది గానీ బెంగాల్‌లో ఎవరూ ఎరగని శిక్ష అది. ఇంపే మీద తర్వాత లండన్‌లో అభిశంసన దాకా వచ్చింది.

నూరేళ్ల తర్వాత ఇంపేను వెనకేసుకొస్తూ రెండు సంపుటాల పుస్తకం రాసిన పెద్దమనిషి జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మన 1872 సాక్ష్య చట్టం రాసింది కూడా ఆయనే. ఆ చట్టం 165వ సెక్షన్ ప్రకారం జడ్జి ఏ సాక్షినైనా, ఏ ప్రశ్నైనా, ఎప్పుడైనా, కేసుకు సంబంధం ఉన్నా లేకపోయినా అడగవచ్చు. తీర్పు మాత్రం సంబంధమున్న, రుజువైన విషయాల మీదే ఉండాలి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ అధికారం చెక్కుచెదరలేదు. మన జడ్జీలు దాన్ని తగినంత వాడటం లేదన్నదే నా ఫిర్యాదు. సాక్షి వరసగా ప్లేటు ఫిరాయిస్తుంటే వాంగ్మూలం రాసుకుంటూ ఊరుకోవడం తటస్థత కాదు.

ఇంగ్లండులో ఇదే పని ఉద్యోగానికి ఎసరు తెచ్చింది. 1957లో జస్టిస్ హాలెట్ ఒక గని ప్రమాదం కేసులో (ఇది సివిల్ దావా) వకీళ్లను పక్కకు నెట్టి తానే ప్రశ్నలు కురిపించాడని, అప్పీలు కోర్టు తీర్పును రద్దుచేసి మళ్లీ విచారించమంది. కొంతకాలానికి ఆయన రాజీనామా చేశాడు.

ఇటలీలో జడ్జీలే దర్యాప్తు చేసే పద్ధతి తన సత్తాను చివరిసారిగా గొప్పగానే చూపించింది. పాలెర్మోలో జొవానీ ఫాల్కోనే, పావ్లో బొర్సెల్లీనో మొదలైన దర్యాప్తు జడ్జీలు 8,600 పేజీల అభియోగపత్రం తయారుచేశారు. 1986 ఫిబ్రవరిలో, బాంబులకు తట్టుకునేలా ప్రత్యేకంగా కట్టిన కోర్టులో, 470కి పైగా మాఫియా ముద్దాయిలపై విచారణ మొదలైంది. చాలామందిని ఇనప బోనుల్లో పెట్టారు. 1987 డిసెంబరులో 338 మందికి శిక్షలు పడ్డాయి. అందులో 19 యావజ్జీవాలు. 1989లో ఇటలీ ఆ దర్యాప్తు జడ్జి పదవినే రద్దుచేసి, ఆ పనిని ప్రాసిక్యూటర్లకు ఇచ్చింది. 1992లో పైకోర్టు శిక్షల్ని ఖాయం చేశాక, మే 23న ఫాల్కోనేను, జులై 19న బొర్సెల్లీనోను మాఫియా బాంబులతో చంపింది.

చకచకా కొన్ని రికార్డులు

సోక్రటీసును క్రీస్తుపూర్వం 399లో విచారించినవాళ్లు 501 మంది అని చరిత్రకారుల లెక్క. అందరూ లాటరీలో ఎంపికైన పౌరులే, కేసు ఒక్క రోజులో ముగిసింది. వారన్ హేస్టింగ్స్ అభిశంసన 1788లో మొదలై 1795లో నిర్దోషి అనడంతో ముగిసింది. టిచ్‌బర్న్ ఆస్తికి నేనే వారసుణ్నని వచ్చినవాడి మీద అబద్ధపు ప్రమాణాల కేసు 1873-74లో 188 రోజులు నడిచింది. చీఫ్ జస్టిస్ కాక్‌బర్న్ జ్యూరీకి కేసు వివరించడానికే దాదాపు నెల తీసుకున్నాడు. జ్యూరీకి అరగంట చాలింది.

అమెరికాలో ఫోర్ట్ స్మిత్ జడ్జి ఐజాక్ పార్కర్ 21 ఏళ్లలో 160 మందికి మరణశిక్ష వేశాడు, 79 మందిని ఉరితీశారు. మొదటి 14 ఏళ్లు ఆ తీర్పులపై అప్పీలే లేదు. మన దగ్గర సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేయనిదే అమలు చేయలేరు. 1989లో థాయ్‌లాండ్ కోర్టు చమోయ్ తిప్యసో అనే చిట్టీల మోసగత్తెకు 1,41,078 ఏళ్ల జైలు వేసింది. అప్పటి చట్టం ఆ నేరానికి 20 ఏళ్లు దాటనివ్వదు. ఆమె ఉన్నది ఎనిమిదేళ్లు. కాన్సాస్ ఫెడరల్ జడ్జి వెస్లీ బ్రౌన్ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కేసులు విన్నాడు. 2012లో చనిపోయేనాటికి ఆయనకు 104 ఏళ్లు, అప్పటికీ రిటైరు కాలేదు.

తప్పు చేశామన్న ఇద్దరు

తీర్పు తప్పని పైకోర్టులు రోజూ అంటాయి. రాసిన జడ్జే అనడం అరుదు. సేలంలో 19 మందిని ఉరికి పంపిన జడ్జీల్లో ఒకడైన శామ్యూల్ సీవాల్, 1697లో బోస్టన్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడ్డాడు. తన నేరాన్ని ఒప్పుకుంటూ రాసుకొచ్చిన కాగితాన్ని పాస్టర్ చేత చదివించాడు. ఆ కోర్టుకు పెద్ద అయిన విలియం స్టౌటన్ మాత్రం చచ్చేదాకా క్షమాపణ చెప్పలేదు.

రెండోవాడు జపాన్ జడ్జి నొరిమిచి కుమమోతొ. 1966లో ఒక కుటుంబంలో నలుగురి హత్య. ఆ కేసులో మాజీ బాక్సరు ఇవావొ హకమాదాను పోలీసులు ఇరవై రోజుల పాటు గంటల తరబడి ప్రశ్నించి నేరం ఒప్పించారు. ఒప్పుకోలు పత్రాలు 45. షిజుఓకా జిల్లా కోర్టు 44ను చెల్లవని కొట్టేసి, మిగిలిన ఒక్కదాన్ని పట్టుకుని 1968లో ఉరిశిక్ష వేసింది. ముగ్గురు జడ్జీల్లో చిన్నవాడైన కుమమోతొ అతను నిర్దోషి అని నమ్మాడు. మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. పైగా తీర్పు రాసే పని ఆయన మీదే పడింది. కొద్ది నెలల్లోనే రాజీనామా చేశాడు. జడ్జీలు లోపల మాట్లాడుకున్నది బయటపెట్టకూడదన్న నియమాన్ని 2007లో తోసిరాజని సంగతంతా చెప్పేశాడు. 2014లో హకమాదా విడుదలయ్యాడు. 2020లో కుమమోతొ చనిపోయాడు. 2024 సెప్టెంబరు 26న, నెత్తుటి బట్టల సాక్ష్యాన్ని దర్యాప్తు అధికారులే సృష్టించారంటూ కోర్టు 88 ఏళ్ల హకమాదాను నిర్దోషిగా ప్రకటించింది. 2025లో పరిహారంగా 21 కోట్ల 73 లక్షల యెన్లకు పైగా ఇవ్వమంది. నిర్బంధంలో గడిపిన ఒక్కో రోజుకు 12,500 యెన్లు, చట్టం ఇవ్వనిచ్చే గరిష్ఠ మొత్తం అదే.